ఆదివారపు ఎరుపు

మా మహాచాయ్ ఐసు ఫ్యాక్టరీలో లమియద్ అక్క చదివింది నాలుగో తరగతి. అయినా ఇరవై మూడేళ్లుగా అమోనియా గొట్టాల ఒత్తిడికి కాపలా ఆవిడే. గోడ మీద పద్దెనిమిది ముళ్ల మీటర్లు. ఒక్కో ముల్లు ఒక్కో అంకె దగ్గర ఆగాలి. అవన్నీ ఎవరికి గుర్తుంటాయి? అక్క స్పానరు పట్టుకుని ప్రతి మీటరునూ దాని సరైన అంకె పైకొచ్చేలా తిప్పి బిగించేసింది. అంతా సవ్యంగా ఉంటే ముళ్లన్నీ నిటారుగా నిలబడతాయి. ఒక్కటి వంగినా చాలు, అన్నం ముద్ద నోట్లో ఉండగానే లేచేది.

ఈ మోటు పద్ధతి యజమానిగారి అల్లుడు పకోర్న్‌కు నచ్చలేదు. మీటర్లు పాత ఇనుముకు పోయాయి. వాటి చోట మంచమంత కంప్యూటరు తెర వచ్చింది. అందులో బోలెడు అంకెలు, మూలన గంతులేసే పెంగ్విన్. పైగా మా దేశంలో వారంలో రోజుకో రంగు ఆనవాయితీ కదా! సోమవారం పసుపు, మంగళవారం గులాబీ, ఆదివారం ఎరుపు. తెర కూడా ఏ రోజుకు ఆ రంగు కట్టుకోవాలన్నాడు మహానుభావుడు. మోత మొరటుగా ఉందని ప్రమాద గంటనూ పీకించాడు.

"బాబూ, ప్రమాదం అక్షరాలు ఎరుపేగా! ఆదివారం ఎలా కనబడి చస్తాయి?"

"కొత్తదంటే నీకు భయం అక్కా. కళ్లజోడు మార్పించుకో."

ఆ ఆదివారమే ఒత్తిడి పెరిగింది. ఎర్ర తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయట. పెంగ్విన్ మాత్రం స్పష్టంగా గంతులేసింది. కింద గొట్టాల గదిలో ఉన్నది నేను. గొట్టం పగిలింది. గొంతులో నిప్పు పోసినట్టయింది. ఘాటు తగలగానే అక్క మొహానికి తడిగుడ్డ చుట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్ సమ్రువయ్! ఉన్నావా, పోయావా? పలకరా సన్నాసీ!" అని తిడుతూనే నన్ను బయటికి ఈడ్చింది.

ఎనిమిది రోజులకు, సోమవారం, విచారణ. పసుపు చొక్కాల్లో ముగ్గురు కమిటీ పెద్దలు. పకోర్న్ ఆ రోజు రికార్డు తెర మీద తిప్పాడు. రికార్డయ్యేవి అంకెలూ అక్షరాలే, తెర రంగు మాత్రం చూసే రోజుది. పసుపు మీద ఎరుపు ధగధగలాడింది.

"ఇంతలేసి అక్షరాలు! పసివాడికైనా కనబడతాయి. నిద్రపోయావా?" అన్నాడు కమిటీలో పెద్దాయన.

అక్క మొహం పాలిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా నిద్రపోయిందన్న మాటే ఆవిణ్ణి కోసేసింది. నేను లేచి చెప్పబోయాను. దగ్గు తప్ప మాట రాలేదు. నా మీద నాకే ఏడుపొచ్చింది.

"అయ్యా, ఒక్క ఆదివారం వచ్చి ఈ తెర చూడండి. ఆ తర్వాత నన్ను పనిలోంచి తీసేయండి, నోరెత్తను."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. పెద్దాయన తొలగింపు కాగితం ముందుకు జరిపాడు.

"ఆదివారం మాకు సెలవమ్మా. ఇక్కడ సంతకం పెట్టు."