ఏడింటికి ఆగే పద్యం

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు ఆత్మకూరు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళు ఉందనగా, ఒక వేసవి మొదట్లో, టెలిఫోన్ శాఖ సబ్ డివిజనల్ ఇంజనీరుగా అక్కడ చేరాను. అప్పటికే రాగి తీగల ఫోన్లు దాదాపు మూలపడ్డాయి. ఇళ్ళకూ దుకాణాలకూ ఫైబర్ కేబుల్ లాగి ఇంటర్నెట్ ఇవ్వడమే మా పని. అనంతసాగరం, కలిగిరి, ఉదయగిరి కూడా నా కిందే ఉండేవి. ఉన్నది ఒక్క జీపు. ఆడ ఇంజనీరు జీపు దిగి స్తంభం పైకి చూస్తుంటే జనం ఆగి చూసేవాళ్ళు. నాకు అది అలవాటే.

చేరిన మూడో వారంలో డివిజనల్ ఇంజనీరు గారి ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఉదయగిరిలో ఒకే కనెక్షన్ మీద మూడు నెలలుగా ఫిర్యాదులు వస్తున్నాయని దాని సారాంశం. ఫిర్యాదు నమోదైనప్పుడు వచ్చే నంబరును మేము డాకెట్ అంటాం. లైన్‌మన్ వెళ్ళి బాగుచేసి, కారణం రాసి, డాకెట్ మూసేయాలి. ఇక్కడ ప్రతి డాకెట్టూ ‘టెస్టెడ్ ఓకే’ అనే మాటతోనే మూతపడింది. అంటే పరీక్షించాం, లోపమేమీ లేదు అని. మూసిన మర్నాడే చందాదారు మళ్ళీ ఫోను చేసేవాడు. తప్పుడు క్లియరెన్సు రాసినందుకు లైన్‌మన్ ఖాజా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో వారంలోగా వివరించమని మెమోలో ఉంది.

ఖాజా పాతికేళ్ళ సర్వీసున్న మనిషి. పిలిచి అడిగితే ఖండితంగా చెప్పాడు.

“నేను పోయిన ప్రతిసారీ లైను బ్రహ్మాండంగా ఉండాది మేడమ్. ఆ శెట్టి నా కళ్ళముందే పాట పెట్టినాడు, పాడింది. మర్నాడు నేను ఆఫీసుకొచ్చే లోపల మళ్ళీ ఫోను. నన్నేం చేయమంటారు?”

రెండు పక్షాలూ నిజం చెబుతున్నట్టు అనిపించే ఫిర్యాదులు మా వృత్తిలో అన్నిటికన్నా చికాకైనవి. గురువారం ఖాజాను వెంటబెట్టుకుని ఉదయగిరి వెళ్ళాను. చేరేటప్పటికి పదకొండు దాటింది.

చందాదారు సుబ్బయ్యశెట్టి, నూనెలూ పప్పులూ అమ్మే టోకు వ్యాపారి. కింద దుకాణం, పైన ఇల్లు. గోడలు పాతకాలపు రాతి గోడలు, మూరెడు మందం. ఆయనకు పౌరాణిక నాటకాల పిచ్చి. వయసులో ఉన్నప్పుడు టేప్ రికార్డరు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఆడితే అక్కడికి వెళ్ళి, వేదిక ముందు కూర్చుని పద్యాలు రికార్డు చేశాడు. బీరువా నిండా క్యాసెట్లు. అవి పాడైపోతుంటే అన్నిటినీ డిజిటల్‌లోకి మార్పించాడు. ఇప్పుడు ఆ పద్యాలన్నీ కింద దుకాణంలో, మేమిచ్చిన మోడెం పక్కన, హార్డ్ డిస్కులున్న చిన్న పెట్టెలో ఉన్నాయి. పై గదిలో ఆంప్లిఫయరు, నడుమెత్తు స్పీకర్లు రెండు. ఆంప్లిఫయరు పక్కన స్ట్రీమరు అనే ఇంకో పెట్టె. ఆయన ఫోనులో పద్యం పేరు నొక్కితే, స్ట్రీమరు కింది పెట్టెలోంచి వైఫై మీద పద్యాన్ని అందుకుని స్పీకర్లకు ఇస్తుంది. నేను చూసిన ఇళ్ళల్లో అంత శ్రద్ధగా అమర్చినది ఇంకొకటి లేదు.

“ఆరున్నరకు దుకాణం గుమాస్తాకు అప్పజెప్పి పైకొచ్చి కూర్చుంటానమ్మా. అర్ధగంట బాగా పాడతాది. ఏడయ్యేసరికి గొంతు పట్టినట్టు ఆగిపోతాది. మళ్ళీ రాదు,” అన్నాడు శెట్టి.

ఇంత పట్టుదలగా ఫిర్యాదులు చేయడానికి ఆయనకు ఇంకో కారణం ఉంది. అనంతసాగరం వైపు ఒక ఊళ్ళో పెంచలయ్య అనే పెద్దాయన గొర్రెలు కాస్తాడు. ముప్పై ఏళ్ళ కిందట రాజు వేషం కడితే ఆయన పద్యానికి జనం మళ్ళీ మళ్ళీ పాడమని కేకలు వేసేవాళ్ళట. తర్వాత గొంతుకు ఆపరేషన్ అయింది. పాట పోయింది, మాట బొంగురుగా మిగిలింది. ఆ ఏడాది సంక్రాంతి వెళ్ళాక నూనెకని దుకాణానికి వస్తే శెట్టి ఆయన కళ్ళు చూసి పోల్చుకున్నాడు. తన పద్యం తాను ఎన్నడూ వినలేదని పెంచలయ్య అన్నాడట. అప్పటి నుంచి శెట్టి ఆయన్ను రెండుసార్లు పిలిపించాడు. పగలు ఆయనకు గొర్రెలు, శెట్టికి దుకాణం; సాయంత్రం నాటకాన్ని మొదటి నుంచీ వరసగా వినిపించాలని శెట్టి పట్టు. రెండుసార్లూ ఆయన పద్యం ఎత్తుకోగానే ఏడయింది.

“రెండోసారి ఏమన్నాడో తెల్సునా అమ్మా? ‘పోనీలే శెట్టీ, నా గొంతు ఆడగూడ పూడిపోయినట్టుంది’ అని లేచిపోయినాడు. ఆదివారం మళ్ళీ రమ్మని కబురు పెట్టినా. ఈసారీ ఆగిందంటే ఇంక రాడు. ఎనభై దగ్గర పడినాయి ఆయనకు.”

నేను పని మొదలుపెట్టాను. ఫైబరులో వచ్చే వెలుతురు బలాన్ని మీటరుతో కొలిచాం. లోపం లేదు. పద్యం పెట్టమంటే స్పష్టంగా పాడింది. అప్పుడు నేను ఖాజాను కిందికి పంపి మోడెంలోంచి ఫైబరు పీకేయమన్నాను.

శెట్టి కంగారుపడ్డాడు. “ఏందమ్మా, ఉన్న కాస్తా పీకేస్తుండారే!”

పద్యం ఆగలేదు. స్ట్రీమరు కొన్ని క్షణాల పాటను ముందే దాచుకుంటుంది కాబట్టి వెంటనే తీర్పు చెప్పకూడదు. గడియారం చూసుకుంటూ పది నిమిషాలు కూర్చున్నాం. పద్యం అయిపోయి రెండోది, మూడోది వచ్చాయి. ఊరితో, దేశంతో ఏ సంబంధమూ లేకుండా శెట్టిగారి ఇల్లు తన పద్యాలు తాను పాడుకుంటోంది.

“అయితే ఇది ఇంటర్నెట్టు గాదా?” అన్నాడు శెట్టి నమ్మలేక.

స్ట్రీమింగ్ అన్నంత మాత్రాన ఇంటర్నెట్ అక్కర్లేదనీ, ఆయన పద్యాలు కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు మాత్రమే ప్రయాణం చేస్తున్నాయనీ వివరించాను. ఖాజా ముఖం వెలిగింది. నిబంధనల ప్రకారం మా బాధ్యత మోడెం దాకానే. అక్కడే డాకెట్ మూసి, లోపం చందాదారు ఇంట్లోదని రాసి జీపెక్కవచ్చు. ఖాజా అప్పటికే సంచీ సర్దుతున్నాడు. అయితే పద్యం ఎందుకు ఆగుతోందో మాకు ఇంకా తెలియదు. తెలియని కారణాన్ని కాగితం మీద రాయడం నాకు ఇష్టం లేకపోయింది. ఏడింటి దాకా ఉందామన్నాను.

సాయంత్రం శెట్టిగారి భార్య రమణమ్మ వంటింట్లోకి పిలిచి కాఫీ ఇచ్చింది. మాటల మధ్యలో మెల్లగా అంది:

“శుక్రవారం ఆగదమ్మా.”

“ఏమిటి ఆగనిది?”

“పాట. శుక్రవారం ఆయన కలిగిరికి బోతాడు, సరుకు మాట్లాడుకోవడానికి. నేను నా ఫోన్లో నొక్కి ఆ స్పీకర్లలోనే పాత పాటలు పెట్టుకుంటా. ఏడు గాదు, ఎనిమిదైనా ఒక్కసారీ ఆగలా. ఆయనకు చెప్పబాకండి, నాకు పెట్టడం రాదనుకుంటుండాడు.”

మూడు నెలల్లో ఆమెను అడిగినవాళ్ళు లేరు. మిగతా రోజుల్లో జరిగి శుక్రవారం జరగనిది ఏమిటని అడిగాను. ఆమె వేళ్ళు మడుస్తూ ఆలోచించింది. “ఏముందమ్మా, ఆ పొద్దు నెల్లూరి నుంచి లోడు రాదు. అంతే.”

ఖాజాను పైన శెట్టి దగ్గర కూర్చోబెట్టి, నేను దుకాణంలో స్టూలు వేసుకున్నాను. ఏడు కావస్తుండగా వ్యాను వచ్చింది. నూనె డబ్బాలు, రేకువి, పదిహేను కిలోలవి. హమాలీలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. మా మోడెం ఉన్నది రాతి గోడలోని గూట్లో. చూస్తుండగానే డబ్బాల వరస గూటి అంచు దాకా లేచింది. ఇంకో వరస పడింది. గూడు కనబడకుండా పోయింది. పై నుంచి శెట్టి కేక వినిపించింది.

“ఆగిపోయిందమ్మా!”

వెనక మూరెడు రాయి, ముందు రేకు గోడ. వైఫై తరంగాలు రేకును దాటలేవు. గుమాస్తా చేత గూటి ముందున్న నాలుగు డబ్బాలు పక్కకు పెట్టించాను. పైన పద్యం అందుకుంది. మళ్ళీ పెట్టించాను, ఆగింది. తీయించాను, పాడింది. ఖాజా మెట్లు దిగి వచ్చి ఆ డబ్బాల వంక అత్తింటి వాళ్ళను చూసినట్టు చూశాడు.

“పొద్దున పదికంతా పల్లెల అంగళ్ళకు ఎల్లిపోతాయంట ఇవి. నేనొచ్చేది ఎప్పుడూ పదకొండుకి. ఇంక నాకెట్టా కనబడతాది!”

డబ్బాలకు వేరే చోటు లేదన్నాడు శెట్టి. మోడెం గూడు మార్చాలంటే ఫైబరంతా మళ్ళీ లాగాలి. దారి ఒకటే: మోడెం నుంచి స్ట్రీమరు దాకా ఒక తీగ వేసేస్తే పద్యానికి కింది వైఫైతో పని ఉండదు; పై గదిలో ఫోన్లకు స్ట్రీమరే వైఫై ఇస్తుంది. అది మా శాఖ పని కాదు. శనివారం ఖాజాకు సెలవు. అడగకుండానే తాను వస్తానన్నాడు. ఆత్మకూరులో శెట్టి కేబుల్ కొనిపించాడు. ఖాజా దాన్ని మెట్ల వెంట పైకి తెచ్చి కొసలకు కనెక్టర్లు బిగించాడు. లోపల ఎనిమిది సన్నటి తీగలు, రంగుల వరస తప్పకూడదు. మొదటిసారి టెస్టరులో ఏడు దీపాలే వెలిగాయట. కోసేసి మళ్ళీ బిగించాడు, ఎనిమిదీ వెలిగాయి.

ఆదివారం శెట్టి నన్నూ రమ్మన్నాడు. సొంత పనికి జీపు వాడకూడదు కనుక బస్సులో వెళ్ళాను. పెంచలయ్య అప్పటికే వచ్చి, కుర్చీ వద్దని, స్పీకర్ల ముందు నేల మీద కూర్చున్నాడు. పొడుగాటి మనిషి, తెల్లటి మీసం. ఆరున్నరకు పద్యాలు మొదలయ్యాయి. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. చాలాసేపటికి కింద వ్యాను వచ్చి ఆగింది. డబ్బాలు దించుతున్న చప్పుడుకు శెట్టి, రమణమ్మ, ఖాజా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను కూడా ఊపిరి బిగబట్టానని ఒప్పుకోవాలి. ఏడు దాటింది. పద్యం ఆగలేదు. పెంచలయ్య పద్యం మొదలైంది; రాగం పైకి లేచి, అక్కడే నిలబడి, తిరిగి, నెమ్మదిగా దిగింది. పెంచలయ్య పెదవులు దాంతోపాటే కదులుతున్నాయి.

ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. “ఆపు శెట్టీ.”

శెట్టి ముఖం పాలిపోయింది. “ఏమైంది మామా?”

“ఆ మూడో పాదం...” పెంచలయ్య బొంగురు గొంతులో నవ్వు కదిలింది. “అది పద్యంలోది గాదు. ఆ పొద్దు మర్చిపోయినా. నోటికొచ్చింది కట్టి పాడేసినా. ప్రాస కుదిరింది, అర్థం కుదర్లా.”

“ఏంది మామా! అదే అసలైన పాఠమని ముప్పై ఏళ్ళుగా ఆత్మకూరోళ్ళతో పోట్లాడతా ఉండానే!”

ముందు రమణమ్మ నవ్వింది. తర్వాత ఎవరమూ ఆపుకోలేకపోయాం. పెంచలయ్య నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టమన్నాడు. శెట్టి ఫోను వెతుక్కునే లోపల రమణమ్మ తన ఫోనులో నొక్కేసింది. శెట్టి ఆమె వంక నోరు తెరిచి చూశాడు. ఈసారి పెంచలయ్య కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. అయిపోయాక, పక్క ఊరి మనిషెవరి గురించో చెబుతున్నట్టు అన్నాడు.

“వాడు బాగానే పాడినాడు.”

సోమవారం మెమోకు జవాబు రాశాను. మా లైనులో లోపం లేదనీ, లైన్‌మన్ రాసినది నిజమేననీ, అంతరాయానికి కారణం నూనె డబ్బాలనీ ఉన్నదున్నట్టు పెట్టాను. డివిజనల్ ఇంజనీరు గారు ఫోను చేసి, ‘నూనె డబ్బాలు’ అన్నది టైపు తప్పా అని అడిగారు. కాదని, జరిగినదంతా మొదటి నుంచి చెప్పాను. చాలాసేపు నవ్వి, ఖాజా ఫైలు మూసేశారు.

ఈ సంఘటన నాకు నేర్పింది చిన్న విషయమే. ‘టెస్టెడ్ ఓకే’ అబద్ధం కాదు, మేము వెళ్ళిన వేళకు మాత్రమే నిజం. ఆ తర్వాత నా సర్వీసున్నంత కాలం డాకెట్ రాసేటప్పుడు రెండు ప్రశ్నలు అడిగి తీరాలని మా వాళ్ళకు చెప్పాను: ఏ వేళ ఆగుతోంది, ఏ రోజు ఆగడం లేదు. మొదటి ప్రశ్నకు ఫిర్యాదు చేసిన మనిషి వెంటనే జవాబు చెప్పేవాడు. రెండోదానికి మాత్రం చాలాసార్లు ఆ ఇంట్లో ఇంకొకరిని అడగవలసి వచ్చేది.