సాంబ్రాణి పొగ లేని రోజు

మొదటి కాన్పుకి పామర్రులోని పుట్టింటికి వచ్చాను. బాబు పుట్టినప్పట్నుంచీ రోజూ నీళ్ళు పోశాక అమ్మ నాకు సాంబ్రాణి పొగ వేస్తుంది. ఆ పొగలో నా కళ్ళు కారుతుంటే ఎవరూ ఏమీ అడగరు.

ఇవాళ వానకి బొగ్గులు తడిసి నిప్పు రాజుకోలేదు. కళ్ళు మాత్రం వేళకి కారాయి. బాధంటూ ఏమీ లేదు. అసలు ఏమీ అనిపించడం లేదు.

బాబుని చూడ్డానికొచ్చిన పక్కింటి పిన్నిగారు, "పొగైనా లేదు, ఆ కన్నీళ్ళేంటమ్మా?" అన్నారు.

అమ్మ నావైపు చూడకుండానే, "నిన్నటి పొగేనండీ, ఇంకా మండుతున్నాయి" అంది. ఆవిడ నమ్మేశారు.

ఆవిడ వెళ్ళాక అమ్మ తడి బొగ్గుల్ని పొయ్యి పక్కన ఆరబెట్టింది. "రేపు కాస్త ఎక్కువ వేస్తాలే" అంది.

తల్లులైనవాళ్ళు చెప్పండి, మీకెన్నాళ్ళు కావలసొచ్చింది పొగ?