ఉతకని తువ్వాల

పొగమంచులో ఎల్లారెడ్డి బస్సు మెల్లగా నడుస్తోంది. కామారెడ్డిలో కొన్న ఉచ్చు తీగ నా ఒళ్ళో ఉంది. ఆ చలికాలం మా మేకపిల్లలు రెండింటిని నక్క ఎత్తుకుపోయింది. ఒక్కటే మిగిలింది.

పక్క సీటు ముసలాయన తీగను చూసి నవ్వాడు. "నక్క కోసమా చెల్లె? గీ మంచుల ఉచ్చు కండ్లకు కనవడదు. నీ దొడ్ల మేకలే పడ్తయి."

"నీకేం ఎరుక?" అన్నాను.

"ముప్పై ఏండ్లు నక్కలకు ఉచ్చులు పెట్టిన. నా వాసన తగలొద్దని చేతులకు పేడ రాసుకునేటోణ్ణి. మనిషి వాసనంటే నక్కకు గంత భయం."

భుజం మీది తువ్వాల తీసి నా ఒళ్ళో పెట్టాడు. "మాపటికి దొడ్డి తడకకు కట్టు. మంచుకు వాసన పోతది, పొద్దున తీసి నువ్వు కప్పుకో, నీ వాసన ఎక్కుతది. ఉతకకు."

"ఒకరి సొమ్ము ఊరికే తీసుకోను."

"కొత్తదేం ఇస్తలేను గదా," అంటూ దిగిపోయాడు.

చెప్పినట్టే చేశాను. నక్క మళ్ళీ రాలేదు. తీగను బట్టలారేసే దండెంగా కట్టుకున్నాను. మిగిలిన ఆ పిల్ల ఈ చలికాలం తానే ఈనింది. తువ్వాల మళ్ళీ తడక ఎక్కింది, ఉతకకుండానే.