మేమందరం కలిసి రాసిన చెత్త నవల

పూతలపట్టు కూడలిలో బస్సు దిగి చిత్తూరు వైపు కాస్త నడిస్తే ఒక మందుల షాపు ఉండేది. దాని మీద ఒక గది. ఒక పక్క ఖాళీ అట్టపెట్టెలు, సెలైన్ బాటిళ్ళ డబ్బాలు, ఇంకో పక్క ఒక నవారు మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆదివారం మధ్యాహ్నాలు మేము నలుగురం ఆ గదిలో కూచుని, రాసుకున్న కథలు ఒకరికొకరు చదివి వినిపించుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ గది లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. అయినా ఆదివారం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే ఎక్కడికో బయల్దేరాలి కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

షాపు యజమానిని నేను అన్నా అనేదాన్ని. ముక్కుసూటి మనిషి. కథ బాగలేకపోతే రెండో పేజీలోనే ఆపేసి "ఇంక చాలు, టీ తాగుదాం" అనేవాడు. ఏర్పేడు దగ్గర పెద్ద చదువుల సంస్థలో పరిశోధన చేసే ఒక అబ్బాయి తిరుపతి దాకా వచ్చి, నాతోపాటే పూతలపట్టు బస్సు ఎక్కేవాడు. మాకందరికీ తమ్ముడు. నేను తిరుపతిలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నుంచీ రక్తం శాంపిళ్ళు చూసే మనిషికి కథలెందుకు అని ఇంట్లో అడిగేవాళ్ళు.

నాలుగో మనిషి అక్క. చిత్తూరు బజారు వీధిలో వాళ్ళకు బట్టల షాపు ఉండేది. భర్త పోయాక కొడుకులతో పాటు తనూ షాపులో కూచునేది. బేరాలు లేని వేళల్లో బిల్లు పుస్తకం కింద పెట్టుకుని రాసేది. ఏళ్ళ తరబడి అట్లా రాసి ఒక నవల పూర్తి చేసింది. అది వాళ్ళ అవ్వ కథ. కరువు రోజుల్లో ఎద్దుల బండిలో బెల్లం వేసుకుని, మగవాళ్ళతో సమానంగా అరవ ఊళ్ళ సంతలకు పోయి అమ్ముకొచ్చి, ఇల్లు నిలబెట్టిన మనిషి ఆ అవ్వ. అక్క ఆ నవలలోంచి అప్పుడప్పుడు ఒక ముక్క మాకు చదివి వినిపించేది. మొత్తం ఎప్పుడూ ఇవ్వలేదు. "పుస్తకంగా వచ్చినాక సదువుదురులే" అనేది.

పుస్తకం వేస్తామనే వాళ్ళు అక్కకు ఫోన్లోనే దొరికారు. ఫేస్‌బుక్‌లో ప్రకటన. కొత్త రచయితలను వెతికి పట్టుకునే ప్రచురణ సంస్థ అట. వచ్చిన రచనల్లో ఉత్తమమైనవే తమ సంపాదకవర్గం ఎంపిక చేస్తుందట. అక్క పంపింది. వారం తిరక్కుండా ఒక అమ్మాయి ఫోన్ చేసి, మీ నవల ఎంపికైంది, అచ్చు ఖర్చులో కొంత మీరు పెట్టుకోవాలి అని చెప్పింది. ఆ ఆదివారం అక్క గదిలోకి వచ్చినప్పుడు ఆమె ముఖం చూడాలి. కుర్చీలో కూచోకుండానే మొదలుపెట్టింది.

"ఏమనిందో తెలుసా పాపా? మీ నవల మా సంపాదకులకు కన్నీళ్ళు పెట్టించింది మేడమ్, మీ కలంలో మట్టి వాసన ఉంది, ఇన్నాళ్ళూ మీరెక్కడున్నారు మేడమ్ అనింది."

చివరి మాట దగ్గర ఆమె గొంతు ఆగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దగ్గరే ఆగేది. అరవై దాటిన మనిషి. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

బంగారు గాజులు అమ్మి డబ్బు కట్టింది. చాలా నెలలకు ఒక కట్ట పుస్తకాలు వచ్చాయి. అట్ట మీద కొబ్బరి చెట్లు, నీళ్ళలో పడవ. చిత్తూరు దగ్గర బెల్లం బండి కథకు ఆ పడవ ఎందుకో ఎవరికీ తెలియదు. అక్క పేరులో ఒక అక్షరం తప్పు. అన్నిటికంటే ఘోరం, అవ్వ సంత నుంచి తిరిగి వస్తూ ఏరు దాటే చోట కథ ఆగిపోయి, తర్వాతి పేజీ నుంచి ఎవరిదో వాస్తు పుస్తకం మొదలైంది. ఈశాన్యంలో బావి ఉండవచ్చునా అని. అవ్వ ఏరు దాటనే లేదు. ఆ ఫోన్ నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు.

అక్క ఏడవలేదు. కట్టను షాపులో పై అరకు ఎక్కించింది. మా దగ్గర మాత్రం ఒకటే మాట. "అచ్చు చెడగొట్టినారు, నిజమే. కానీ సదివినారు కదా. సదివి బాగుండాదని అన్నారు కదా. అది చాలు నాకు."

అన్న ఊరుకునే మనిషి కాదు. "వాళ్ళు చదవలేదక్కా."

"సదవకుండానే అట్లాంటి మాటలు వస్తాయా?"

"కాణిపాకం గుడికి పిలిపించి వినాయకుడి ముందు ప్రమాణం చేయమను, తెలుస్తుంది."

అక్కకు కోపం వచ్చింది. లేచి కొంగు దులుపుకుని నిలబడింది. అప్పుడు ఆమె నోట వచ్చిన మాటలే ఆ తర్వాత జరిగినదానికంతా మొదలు. "సరే అప్పా. మీరంతా కలిసి ఒక చెత్త నవల రాయండి. ఎంత చెత్తగా రాయగలిగితే అంత చెత్తగా. వాళ్ళకే పంపండి. తిప్పి పంపినారనుకో, నాది సదివినట్టే లెక్క. తీసుకున్నారనుకో..."

ఆ మోసగాళ్ళ గుట్టు బయటపెట్టాలని మేము ముగ్గురం ఉబలాటపడ్డాం. అక్క ఒక్కతే ఆ చెత్త నవలను వాళ్ళు తిరగ్గొట్టాలని కోరుకుంది.

రాసినన్ని ఆదివారాలూ ఎంత నవ్వామో చెప్పలేను. రాసేటప్పుడు ఒకరిది ఇంకొకరు చూడకూడదని, అక్కతో సహా తలా ఒక అధ్యాయం ఎవరికి తోచింది వాళ్ళు రాయాలని నియమం పెట్టుకున్నాం. పేరు "గుండెలో గోంగూర పువ్వు". తమ్ముడి అధ్యాయంలో హీరో పూతలపట్టు సముద్ర తీరంలో నడుస్తాడు. నా అధ్యాయంలో హీరో గుడ్డివాడు, చిత్తూరు నుంచి తిరుపతికి బస్సు నడుపుతాడు. అన్న అధ్యాయంలో వాడే కలెక్టరు, వాడే డాక్టరు. పాము కరిచి హీరోయిన్ చనిపోయిందని ఒకరు రాస్తే, తర్వాతి పేజీలో ఆమె ఉప్మా చేస్తూ ఉంటుంది. ఒకచోట అన్న దగ్గు మందు డబ్బాలోని కాగితాన్ని యథాతథంగా దించేసి, హీరో రాసిన ప్రేమలేఖ అన్నాడు. "ఎండ తగలని చల్లని చోట భద్రపరచవలెను" అని తమ్ముడు పైకి చదువుతుంటే నేను మంచం మీద పడి నవ్వాను. కింద మందులకు వచ్చినవాళ్ళు తల ఎత్తి చూసేవాళ్ళట.

అక్కకు మాత్రం చెత్తగా రాయడం చేతకాలేదు. తన వంతు అధ్యాయం తెచ్చి చదివింది. అత్త చనిపోయిన ఇల్లు. శవం లేచేదాకా ఇరుగుపొరుగు ఇళ్ళల్లోనూ పొయ్యి ముట్టించకూడదు. పక్కింటి పసిబిడ్డ పాలకు ఏడుస్తుంటే చిన్నకోడలు ఎవరికీ తెలియకుండా పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పాలు కాచి, ఆ పొగ తన కళ్ళకు తగిలిందని మనసారా ఏడుస్తుంది. అప్పటిదాకా ఆమెకు ఏడుపు రాలేదు.

ఎవరూ నవ్వలేదు. అన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది పనికిరాదక్కా."

"ఏంటికి?"

"బాగుండాది. తీసెయ్."

"యాడ బాగుండాది? యాడ?" అని అక్క నిలదీసింది. కోపం నటించింది గానీ పెదాల చివర నవ్వు దాగలేదు. చివరికి తమ్ముడు ఆ అధ్యాయం చివర పసిబిడ్డ లేచి పాలు తాగి కలెక్టరు పరీక్ష పాసైనట్టు రాశాడు. ఆ వాక్యం చేర్చాక పంపగలిగాం.

రచయిత్రిగా ఒక కల్పిత పేరు పెట్టి, నా నంబరు ఇచ్చాం. కొన్ని రోజులకే మెసేజ్ వచ్చింది, మాట్లాడాలి అని. ఆదివారం మధ్యాహ్నం చేయమన్నాను. నలుగురం గదిలో ఉండగానే ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి మంచం మీద ఉంచాను. తమ్ముడు తన ఫోన్‌లో రికార్డు చేస్తున్నాడు.

"నమస్తే మేడమ్. మీ నవల ఎంపికైంది. మా సంపాదకులకు కన్నీళ్ళు పెట్టించింది మేడమ్."

అన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. నేనూ నవ్వు ఆపుకుంటూ అక్క వైపు తిరిగాను. అక్క నవ్వడం లేదు. ఫోన్ వైపే చూస్తోంది. ఆమె పెదాలు మెల్లగా కదులుతున్నాయి.

"మీ కలంలో మట్టి వాసన ఉంది మేడమ్," అంది ఫోన్లో గొంతు. అక్క పెదాలు ఆ మాటలతో పాటే కదిలాయి. తర్వాత రాబోయే మాట ఆమెకు తెలుసు. అది రాకపోతే బాగుండునని ఆ క్షణం నేనూ కోరుకున్నాను. అన్న కూడా నవ్వు ఆపేశాడు.

"ఇన్నాళ్ళూ మీరెక్కడున్నారు మేడమ్?"

అక్క వంగి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, ఒక్క మాట సెప్తావా? మా నవల్లో ఆ పిల్లోడు ఏం పని చేస్తాడు?"

"హీరో... టీచర్ కదా మేడమ్?"

మా హీరో చేయని ఉద్యోగం అదొక్కటే. ఇంకొకప్పుడైతే గది ఎగిరిపోయేంత నవ్వేవాళ్ళం.

"సరేమ్మా," అంది అక్క. ఆమె గొంతులో కోపం లేదు. "అన్నం తిన్నావా?"

"ఆఁ... తిన్నాను మేడమ్," అంది ఆ అమ్మాయి తడబడుతూ. తర్వాత ఫోన్ పెట్టేసింది.

అక్క సంచి తీసుకుంది. మెట్ల దగ్గర తమ్ముడు అడిగాడు, "అక్కా, ఇది బయట పెట్టమంటావా? నీకు ఇష్టం లేకపోతే వద్దు."

"పెట్టు నాయనా. నా మాదిరి గల్లా కాడ కూసోని రాసుకునే వాళ్ళు ఇంకెంతమంది ఉండారో," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె బస్సెక్కేదాకా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం.

తమ్ముడు నవల మొత్తం, ఫోన్ సంభాషణతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టాడు. జనం విరగబడి చదివారు. గుడ్డి డ్రైవరు, దగ్గు మందు ప్రేమలేఖ ఊరూరా తిరిగాయి. ఒక పేపరు జిల్లా పేజీలో వేసింది. ఆ సంస్థ తన పేజీ మూసేసుకుంది. ఇంకో పేరుతో తెరిచిందో లేదో నాకు తెలియదు. మోసపోయినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు చేశారు. ఒక రిటైర్డు రైల్వే గార్డు తన పద్యాల పుస్తకంలో వంటల పుస్తకం కలిసి వచ్చిందని చెప్పాడు. వాళ్ళందరి గొంతులో అక్క గొంతే వినపడేది. డబ్బు సంగతి తొందరగా ముగించి, "కానీ నాది కొంచెం బాగానే ఉందండీ" అని ఆగేవాళ్ళు.

అక్క రెండు మూడు ఆదివారాలు రాలేదు. అన్నే చిత్తూరు వెళ్ళి షాపులో నిలబడ్డాడు. చీరలు చూపించమన్నాడట. ఆమె చూపించిందట. అన్నీ మడిచేదాకా ఉండి, "అచ్చు పుస్తకం వద్దు. నీ చేతి రాత కాగితాలు తీసుకుని రా అక్కా. మొదటి నుంచి చదువుదాం" అన్నాడట.

ఆమె తెచ్చింది. ఆ ఎండాకాలమంతా మేము ఆ నవల చదివాం. ముగ్గురం వంతులవారీగా పైకి చదువుతుంటే అక్క కళ్ళు మూసుకుని వినేది. మామిడికాయల లారీలు కింద రోడ్డు మీద పోతుంటే గొంతు పెంచి చదవాల్సి వచ్చేది. అవ్వ ఏరు దాటింది. నీళ్ళు నడుము దాకా వస్తే బెల్లం దిమ్మెలు నెత్తిన పెట్టుకుని, ఎద్దులను పేరు పెట్టి పిలుస్తూ దాటింది. అది చదివింది నేనే. చదివాక కాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఇంకోచోట అన్న చదువుతూ ఆగాడు. "ఈ పెండ్లి సాగదీసినావక్కా. వంకాయ కూర గురించి ఇంతసేపా?"

మేము ఉలిక్కిపడ్డాం. అక్క కళ్ళు తెరిచి నవ్వింది. అంత తేటగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. "అదీ మాటంటే అప్పా," అంది. "ఆ మాట సెప్పేవాళ్ళు లేకనే కదా ఇంత కత."

వంకాయ కూర తర్వాతి వారానికి తగ్గించుకొచ్చింది.

తమ్ముడు చదువు ముగించి పుణె వెళ్ళాడు. రోడ్డు పని మొదలై అన్న షాపు లోపలి వీధికి మారింది, మీద గది లేకుండా. అక్క పోయి మూడేళ్ళవుతోంది. గుండెకు సంబంధించిన జబ్బు, ఎక్కువ రోజులు మంచాన పడి లేదు. నా ఆస్పత్రికే తెచ్చారు. ఆమె రక్తం శాంపిల్ నా బల్ల మీదికే వచ్చింది. వార్డుకు వెళ్ళి పక్కన కూచుంటే అక్క జబ్బు మాట ఎత్తలేదు. "కొత్తది మొదలుపెట్టినా పాపా," అని చెప్పడం మొదలుపెట్టింది. ఒక ఆడపిల్ల పాకాల స్టేషన్లో రైలు దిగుతుంది. చేతిలో సంచి లేదు. ఎవరో వస్తారని చూస్తుంది. ప్లాట్‌ఫారం మీద జనమంతా వెళ్ళిపోతారు.

"తర్వాత?" అన్నాను.

"రాయలేదింకా. రాసినాక సెప్తా. ముందే సెప్పేస్తే నాకు రాయబుద్ధి కాదు," అని అటు తిరిగి పడుకుంది.

చిత్తూరుకు రైల్లో వెళ్ళినప్పుడల్లా పాకాలలో బండి ఆగుతుంది. నేను కిటికీ వైపు జరుగుతాను. ఆ పిల్ల ఎవరికోసం దిగిందో, వచ్చేవాళ్ళు వచ్చారో లేదో తెలుసుకోవాలని ఉంటుంది. బండి కదిలాక కూడా కాసేపు వెనక్కి చూస్తూ ఉంటాను.