అత్తయ్య కాపలా కాసిన నిద్ర

పక్క క్వార్టర్ అత్తయ్య పోయింది. పొద్దున్నే కబురు తెలిసేసరికి మా రాయ్‌పూర్ రైల్వే కాలనీలో సగం మంది ఆ గుమ్మం ముందున్నారు. నాకు ఏడుపుకన్నా ముందు ఒళ్ళు మండింది. అరవై కూడా నిండని మనిషికి ఇదేం తొందర?

ఆమె భర్తను మేం మామయ్య అనేవాళ్ళం. గూడ్స్ డ్రైవరు. రాత్రంతా బండి నడిపి వచ్చి పగలు పడుకునేవాడు. మా క్వార్టర్ల లైనులో నిద్ర మానుకుని డబుల్ డ్యూటీ చేసినవాడే మగాడు, పట్టపగలు గురకపెట్టేవాడు సోమరి. అత్తయ్య ఆ మాటను లెక్కచేయలేదు. ఆమె నాన్న కూడా డ్రైవరే. ఏళ్ళ తరబడి నిద్ర చాలక, బీపీ ముదిరి, రిటైరు కాకుండానే గుండె ఆగి పోయాడు. నిద్ర తగ్గించుకుంటూ పోతే గుండెకు ముప్పని అప్పుడు డాక్టరు చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు.

అందుకే మామయ్య పడుకోగానే గుమ్మంలో పీట వేసుకుని, చేటలో బియ్యం ఏరుతూ కూర్చునేది. కూరగాయలవాడు అరిస్తే కసిరేది. ఒకసారి రూలు ప్రకారం రెండు డ్యూటీల మధ్య ఇవ్వాల్సిన రెస్ట్ పూర్తికాకుండానే మామయ్యను డ్యూటీకి పిలవమని ఒక ఆఫీసరు ప్యూనును పంపాడు.

"సాబ్ బులా రహే హై, అమ్మా."

"నిద్దరోతన్నారు. లేపను."

"సాబ్ గుస్సా హోంగే."

"కోపమైతే అవనీ. ఈయన గుండాగిపోతే మీ సాబు తన గుండిత్తాడేటి? పోయి సెప్పు."

మామయ్యకు మెమో వచ్చింది. ఉద్యోగం పోతుందేమోనని మా అమ్మ భయపడితే, "పోతే పోనీ ఒదినా, మనిషుంటాడు కదా" అంది అత్తయ్య.

ఆమె నిద్రకు మాత్రం ఎవరూ కాపలా లేరు. మామయ్య డ్యూటీకి వెళ్ళాక వంటింట్లో కాసేపు ఒరిగేది, కుళాయి రాగానే లేచేది. "నువ్వెప్పుడు పడుకుంటావు?" అంటే, "ఆడోలికి రెస్టు రూలు ఎవలు రాసేరే?" అని నవ్వేది. నిద్ర లేకే పోయిందని డాక్టరు అనలేదు, నేనూ అనను. కానీ నా కోపం చల్లారదు.

ఆమె పోయాక మామయ్యకు కంటి మీద కునుకు లేదు. పరామర్శకు జనం వస్తూనే ఉన్నారు, ఆయన లేచి కూర్చుంటూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం కూర్చున్నచోటే నిద్రలోకి ఒరిగిపోయాడు. మేం ఆడవాళ్ళం తలుపు దగ్గరగా వేసి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాం.

ఊళ్ళోనే ఉన్న టాటీబంధ్ నుంచి మామయ్య పిన్ని ఏడుస్తూ వచ్చింది. "పరామర్సకొచ్చినోలిని ఆపుతారేటి? ఇదేటి అనాచారం?"

"అనాచారమే మామ్మా. అయినా లేపం" అన్నాను.

లోపలి నుంచి గురక వినిపించింది. ఆవిడ ఏడుపు దిగమింగుకుంది. చప్పుడు కాకుండా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మా పక్కన మెట్టు మీద కూర్చుంది.