శివజ్యోతి దయ్యం ఆట

ఎమ్మిగనూరులో ఎవరింట్లో మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినా కబురు శివజ్యోతికే వస్తుంది. మగ్గానికి దువ్వెనలా ఉండే అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడం ఆమె పని. వేళ్లకు బూడిద అద్దుకుని తల వంచిందంటే మళ్లీ మధ్యాహ్నం అన్నానికే ఎత్తుతుంది. తిన్నాక మాత్రం గోడకానుకుని, కాళ్లు చాపుకొని, ఫోన్లో దయ్యం ఆట ఆడుతుంది. ఆ ఆట నేర్పిన మొగుడు చంద్రమోహన్ పోయి ఏడాదైంది. ఊరందరి పడుగులూ అతికే మనిషి ఆయన మగ్గం గది తలుపు మాత్రం తీయలేదు. లోపల అచ్చులో ఆయన వదిలిన పోగులు ఎలుకల పాలైతే ఆ మగ్గం ఇక లేవదని ఆమెకు తెలుసు.

ఆ వారం ఆటకు కొత్త భాగం వచ్చింది. "పాతదాంట్లో ఉరికేది, దాక్కునేది, సచ్చేది, అంతే కదక్కా. ఇది శానా బాగుండాది. ఇల్లు అదే, కానీ పారిపోకుండా నిలబడితే దయ్యమే తన కత చెప్తాది," అంది శివజ్యోతి, తన తోడికోడలు ఈరక్కతో.

"దయ్యాల కొంపంతా తిరిగొస్తావు, నీ ఇంట్లో ఒక తలుపు తీసేకి కాలేదు నీకు," అని దెప్పింది ఈరక్క.

శివజ్యోతి నవ్వబోయి ఆగిపోయింది. మరునాడు పొద్దున్నే గది తెరిచి, దుమ్ము దులిపి, మూడు రోజులు కూర్చుని అతికింది. అతుకులు అచ్చు దాటేటప్పుడే తెగుతాయి. పడుగు ముందుకు లాగడానికి ఈరక్క వచ్చింది.

"నిదానంగా లాగక్కా, నా పానం ఆడనే ఉండాది," అంది.

అన్నీ దాటాయి. సాయంత్రానికి ఆమె చేతికింద జానెడు గుడ్డ దిగింది.