మౌస్ లేని నల్ల తెర

బాన్సువాడ బస్టాండు పక్కన మా అక్క భర్త ఫోటో స్టూడియో నడుపుతాడు. ఫోటోలు బావ తీస్తాడు, వాటిని కంప్యూటర్‌లో సర్ది దాచే పని నాది. డిగ్రీ చదివింది ఇందుకేనా అని అడిగేవాళ్లకు, ఇందుక్కూడా అని చెబుతుంటాను.

ఫైళ్ల కోసం నేను వాడే ప్రోగ్రాంలో బొమ్మలుండవు. నల్ల తెర మీద రెండు వరుసల పేర్లు: ఎడమవైపు కెమెరా కార్డువి, కుడివైపు మా డిస్కువి. మౌస్ ముట్టుకోనక్కర్లేదు, కీబోర్డు మీదే పనంతా అయిపోతుంది. బావకు ఇదే నచ్చదు.

"గిదేంది బామ్మర్దీ, షాపు దివాలా తీసినట్టు? కస్టమర్లు చూస్తే కంప్యూటర్ ఖరాబైందనుకుంటరు."

"పేర్లు కనబడుతున్నయ్ కద బావా."

"పేర్లే కనబడుతున్నయ్. గదే నా ఫికర్."

ఒకరోజు నేను భోజనం చేసి వచ్చేసరికి, సెట్టింగుల్లో దొరికిన ప్రతిదాన్నీ ఆన్ చేసి పెట్టాడు. ప్రతి పేరు ముందూ ఒక బుల్లి ఫోల్డరు బొమ్మ, చుట్టూ జంట గీతల చట్రం, పైన మెనూ, కింద బటన్లు, పక్కన సైజు, తేదీ. పైగా మౌస్. మండపం బ్రహ్మాండంగా ఉంది, పెళ్లికొడుకే కనబడడం లేదు.

"ఇయ్యాల కస్టమర్‌కు నచ్చిందంటే ఇగ ఇట్లనే ఉంటది," అన్నాడు. "నచ్చకపోతే నీ నల్ల తెర నీకే."

మా దగ్గరికి వచ్చినవాళ్లను ముందు "ఏ ఊరు?" అని అడుగుతాం. కనుక ఫోల్డరు పేరు కూడా ఊరితోనే మొదలవుతుంది, ఇంటిపేరు చివర వస్తుంది. అలంకారాలకు చోటివ్వడానికి తెర ఆ చివరలన్నిటినీ కోసేసింది. ఒకే ఊరి పెళ్లిళ్లన్నీ ఇప్పుడు కవలలు.

సాయంత్రం నస్రుల్లాబాద్ నుంచి ఒకావిడ వచ్చింది, కూతురి పెళ్లి ఆల్బంకు ఫోటోలు ఎంచుకోవడానికి. బావ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మౌస్‌ను ఠీవిగా జరిపి, కనబడిన ఒక నస్రుల్లాబాద్ మీద నొక్కాడు.

ఆమె తెర మీదికి వంగింది. "గిది మా పెండ్లి కాదు."

బావ చేతిలో మౌస్ ఆగిపోయింది.

"మా వాడకట్టోళ్లది. మమ్ముల పిలువనే లేదు."

"మాఫ్ చెయ్ అక్కా, బంద్ చేస్త..."

"ఆగు ఆగు! ఇంకో ఫోటో చూపియ్యి. గా వడ్డించేది జర పెద్దగ చెయ్యి, ఏం పెట్టిండ్రో చూస్త."

వెనకనుంచి చెయ్యి చాపి ఒక్క మీట నొక్కి మూసేశాను. ఆమె నా వైపు గుర్రుగా చూసింది. ఇంటిపేరు అడిగి, టైపు చేసి ఆమె ఫోటోలు తెరిచాను. ఎంచుకుంది. పోతూ పోతూ బావతో, "నీ మౌస్ మంచిగున్నది తమ్మీ," అంది.

"విన్నవా? కస్టమర్‌కు నచ్చింది," అన్నాడు బావ.

"నచ్చింది. రేపు ఆమె ఇంటి పెండ్లి వాళ్ల వాడకట్టోళ్లు గిట్లనే చూస్తే, గప్పుడు అడుగు."

పందెం ప్రకారం నేను ఓడిపోయాను. అయినా కుర్చీలో కూర్చుని సెట్టింగులు తెరిచాను. బొమ్మలు తీసేశాను, చట్రం తీసేశాను, బటన్లు తీసేశాను. ఆఖరికి మౌస్‌నూ ఆపేశాను.

"కస్టమర్ చెప్పినంక గూడ?"

"చెప్పినంక గూడ. కాదంటే రేపటి నిజాంసాగర్ పెండ్లి కెమెరా కార్డులు నువ్వే కాపీ చేస్కో."

బావ తెర వైపు చూశాడు. ప్రతి పేరూ ఆఖరి అక్షరం దాకా కనబడుతోంది.

"చాయ్ తాగుతవా?" అన్నాడు.

మా ఇళ్లలో దీన్ని ఒప్పుకోవడం అనరు. నేనూ అనలేదు, తాగుతానన్నాను.